చీటీలక్క రాయించిన రూలు

మా డిపార్టుమెంటు రెండో అంతస్తులో, వరండా చివర, ప్రయోగాల గది ఉంది. దాని తలుపుకి లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంటుంది. అంచులు పసుపెక్కిపోయి, ఇప్పటికి నాలుగైదుసార్లు టేపు మార్చుకున్న కాగితం. "అన్ని ప్రశ్నలకీ ఒకే గడిలో టిక్కు పెట్టినవాళ్ళని పక్కగదిలో కూచోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మళ్ళీ అడగాలి" అని ఉంటుంది అందులో. మనస్తత్వశాస్త్రం చదివే పిల్లలకి పరిశోధన పద్ధతుల పాఠం చెప్పడం నా పని. ప్రతి ఏడూ మొదటిరోజు పుస్తకం తెరవనివ్వను, గుంపునంతా ఆ తలుపు దగ్గరికి తోలుకెళతాను. "మంచినీళ్ళిచ్చి అని ఏ పుస్తకంలో ఉంది మేడమ్?" అని ఎవడో ఒకడు ఇకిలిస్తాడు. ఏ పుస్తకంలోనూ లేదురా నాయనా. నాకు అసలే ముక్కుమీద కోపం. అయినా ఆ ఒక్కరోజు మాత్రం ఓపిక పట్టి చెబుతాను, అది చీటీలక్క రాయించిన రూలు అని.

చీటీలక్క ఆ గదికి అటెండరు. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది కానీ ఆ పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. ప్రయోగాలకి వచ్చేవాళ్ళకి చీటీలు పంచేది కాబట్టి చీటీలక్క. పొట్టి మనిషి, పెద్ద నోరు, మెడలో ఎప్పుడూ ఒక స్టాప్‌వాచీ. సాయంత్రం దాన్ని తీసి బీరువాలో పెట్టడం మర్చిపోయి అలాగే ఇంటికి వెళ్ళిపోయేది. వాళ్ళాయన మోటార్లకి వైండింగ్ చేసేవాడు. పొద్దున్నే ఆమెను గేటు దగ్గర దింపుతూ, "మా ఆవిడ కూర మాడిందో లేదో కూడా సెకన్లలో చెబుతుందండీ" అని వాచ్‌మన్‌తో వేళాకోళమాడేవాడు. ఆమె తండ్రి కూడా అదే గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేసి పోయాడు. ఆయన పోయిన ఏడాది, పంతొమ్మిదేళ్ళకి, ఆమె చీపురు పట్టుకుని ఆ మెట్లెక్కింది. పదేళ్ళు తిరిగేసరికి ఏ పరీక్షకి ఏ పెట్టె తియ్యాలో, ఏ ప్రశ్నపత్రం ఎన్ని నిమిషాలో ప్రొఫెసర్లకంటే ఆమెకే బాగా తెలిసేది.

ఆమెకి ఒక్క మాటంటే పడేది కాదు. అది "తర్వాత" అనే మాట. చిన్నప్పుడు వాళ్ళ తమ్ముడికి జ్వరం వస్తే ఆసుపత్రికి ఎత్తుకెళ్ళారట. కిటికీ వెనకాల కూర్చున్నాయన మూడుసార్లు "తర్వాత రండి" అన్నాడట. నాలుగోసారి వీళ్ళు వెళ్ళాల్సిన అవసరం లేకపోయింది. ఈ సంగతి ఆమె ఏడుస్తూ చెప్పగా నేను వినలేదు. గ్లాసులు కడిగినంత మామూలుగా, అలమర తుడుస్తూ చెప్పింది. ఆ కిటికీ ముందు తాను గట్టిగా ఏడ్చి ఉంటే లోపలికి రానిచ్చేవాళ్ళని ఆమె నమ్మకం. తాను నోరుమూసుకుని నిలబడిందట.

నేను చేరేనాటికి ఆమె గురించి ఒక కథ అప్పటికే ప్రచారంలో ఉంది. ఒక సీనియరు జ్ఞాపకశక్తి మీద ప్రయోగం చేశాడు. వచ్చినవాళ్ళకి ఇరవై మాటలు వినిపించి, తర్వాత నలభై మాటల్లోంచి వాటిని గుర్తుపట్టమనాలి. ఫలితాలు చూస్తే ఊళ్ళో అందరూ మేధావులే. మా పెద్దసారుకి, అంటే డిపార్టుమెంటు పెద్దకి, అనుమానం వచ్చి ఒకరోజు వరండాలో నిలబడి గమనించాడు. మాటలు చదువుతున్నది చీటీలక్క. సరైన మాట రాగానే ఆమె తల దానంతటదే కిందికి ఊగుతోంది. ఎదుటివాడు తప్పు చెప్పబోతే మొహం మాడ్చుకుంటోంది. పాపం వచ్చినవాళ్ళు మాటల్ని కాదు, ఆమె తలకాయని చదువుకుంటున్నారు. పెద్దసారు ఆ మర్నాడే ఒక దుప్పటి తెచ్చి ఆమెకీ వాళ్ళకీ మధ్య తెర కట్టించాడు. ఊళ్ళో మేధావులందరూ మామూలు మనుషులైపోయారు. "నా తల నా మాట వినదండీ సారూ, ఏం చెయ్యమంటారు" అని చీటీలక్క కూడా నవ్వేసింది. ప్రయోగం చేసేవాళ్ళ కోరిక ప్రయోగంలోకి ఎలా జొరబడుతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ ఇప్పటికీ దొరకలేదు. అది తమాషాగా పోయింది. నా ప్రయోగం తమాషాగా పోలేదు.

నేను అప్పుడు పరిశోధక విద్యార్థిని. పాతికేళ్ళు, తొందర, పొగరు. భార్యనో భర్తనో పోగొట్టుకుని ఏడాది దాటనివాళ్ళని అరవై మందిని పోగేశాను. వారానికొకసారి, ఎనిమిది వారాలపాటు, కౌన్సెలరు దగ్గర కూర్చుని మాట్లాడితే దుఃఖం తేలికపడుతుందా లేదా అన్నది నా ప్రశ్న. తేలికపడుతుందన్నది నా ఊహ. దాన్ని తేల్చాలంటే అందరినీ కూర్చోబెట్టి మాట్లాడిస్తే చాలదు. రోజులు గడిచేకొద్దీ ఎవరికైనా బాధ కాస్తో కూస్తో తగ్గుతుంది, ఆ తగ్గుదలని మా గొప్ప కింద రాసుకోకూడదు. అందుకని ముప్పై మందికి మాటలు ఇప్పుడే మొదలు, ముప్పై మందికి ఎనిమిది వారాలు ఆగాక. ఆగేవాళ్ళే పోలికకి ఆధారం. ఈ సంగతి అందరికీ ముందే చెప్పి, ఒప్పుకున్నవాళ్ళ చేతే సంతకాలు పెట్టించాను. అరవై చీటీలు చేసి, సగం మీద "ఇప్పుడు", సగం మీద "తర్వాత" అని రాసి, కలిపి, కవర్లలో పెట్టి, అంటించి, వరుస నంబర్లు వేశాను. వచ్చినవాళ్ళు వచ్చిన వరసలో కవరు తీసుకోవాలి, అంతే. పంచే పని చీటీలక్కది.

కవర్లు చేతికిచ్చిన రోజునే ఆమె అడిగింది, బాగా కుంగిపోయినవాళ్ళని చూసి ముందు ఇవ్వచ్చు కదా అని. చూసి ఇస్తే అంతా చెడిపోతుందన్నాను. మనం ఎవర్ని చూసి జాలిపడతామో వాళ్ళంతా ఒకవైపు, మిగతావాళ్ళు ఒకవైపు చేరతారు. అప్పుడు తేడా మాటల వల్ల వచ్చిందో మన జాలి వల్ల వచ్చిందో దేవుడికి కూడా తెలియదు. చీటీకి కళ్ళు లేవు, అందుకే దానికి అప్పజెప్పాం అన్నాను.

"కళ్ళు లేనిదానికి మనుషుల్ని అప్పజెప్పడం ఏం చదువు అమ్మాయ్?" అంది.

నాకు ఒళ్ళు మండింది. అటెండరుకి పాఠం చెబుతూ కూర్చునే తీరిక లేదనుకున్నాను. చెప్పింది చెయ్యి అక్కా, చాలు అని విసురుగా అనేసి లోపలికి వెళ్ళిపోయాను. ఆ ఒక్క నిమిషం నిలబడి ఉంటే అని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆమె మారు మాట్లాడలేదు. పెద్ద నోరున్న మనిషి మారు మాట్లాడకపోతే అది ఒప్పుకోవడం కాదని తెలుసుకునే వయసు కాదు నాది.

నేను కొన్న కవర్లు పల్చనివి. ట్యూబులైటుకి ఎత్తిపడితే లోపలి అక్షరాలు కనబడతాయి. అది నేను చూసుకోలేదు, చీటీలక్క మొదటి వారంలోనే చూసింది. ఎవరైనా వెక్కివెక్కి ఏడుస్తూ వచ్చి, వాళ్ళ వంతు కవరులో "తర్వాత" ఉందనుకోండి, ఆమె దాన్ని పక్కనపెట్టి వెనకాల వరసలో "ఇప్పుడు" ఉన్న కవరు ఇచ్చేసేది. పక్కనపెట్టింది ఆ వెనక వచ్చినవాళ్ళకి పోయేది. అలా పదకొండుసార్లు. ఒక్కసారి కూడా తప్పు చేస్తున్నానని ఆమెకి అనిపించలేదు. పదకొండు మందిని ఆ ఆసుపత్రి కిటికీ దాటించానని అనుకుంది.

ఆరోసారి సంగతి చెప్పాలి. ఆ పొద్దున బెంచీ మీద ఇద్దరున్నారు. లాండ్రీ నడుపుకునే ఒకావిడ, ఒక దర్జీ. ఆవిడ భర్త పోయి నాలుగు నెలలు. బెంచీ మీద కూలబడి గుండెలు బాదుకుంటోంది. దర్జీ భార్య పోయి ఆరు నెలలు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల, మొహాన చిన్న నవ్వు. ఆవిడకి తన జేబురుమాలు ఇచ్చాడు. ఆవిడ వంతు కవరులో "తర్వాత", దర్జీ కవరులో "ఇప్పుడు". చీటీలక్క కవర్లు లైటుకెత్తి చూసి, దర్జీ దగ్గరికి వెళ్ళి, అన్నయ్యా మీకేమైనా తొందరుందా అని అడిగిందట. నాకేం పర్వాలేదమ్మా, ముందు ఆవిణ్ణి చూడండి అన్నాడట. ఆయన ఒప్పుకున్నట్టే కదా అని ఆమె మార్చేసింది. దేనికి ఒప్పుకుంటున్నాడో ఆయనకి తెలియదు.

ఆమె తప్పు చెప్పాను కాబట్టి నాది కూడా చెప్పాలి. కవరు తీసుకోకముందే అందరూ ఒక ప్రశ్నపత్రం నింపుతారు. నిద్ర పడుతోందా, తిండి సయిస్తోందా, బతకడం దండగనిపిస్తోందా, ఇలాంటివి ఇరవై రెండు. ఒక్కోదానికి మూడు గడులు: "అస్సలు లేదు", "కొద్దిగా", "చాలా". దర్జీ ఇరవై రెండింటికీ "కొద్దిగా"లో టిక్కు పెట్టాడు. స్కేలు పెట్టి గీసినట్టు పైనుంచి కిందికి ఒకటే వరస. ఆ కాగితం నా చేతిలోకి వచ్చింది. ఎంత శుభ్రంగా నింపాడో, లెక్క తేలిగ్గా పడుతుంది అని సంతోషించాను. అంతే సంతోషించాను. బతకడం దండగనిపిస్తోందా అంటే కొద్దిగా అన్న మనిషి కాగితం పట్టుకుని సంతోషించాను.

రెండు గుంపుల మొదటి సగటులు తీసి పెద్దసారుకి చూపిస్తే ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. "ఇప్పుడు" గుంపు బాధ మరీ ఎక్కువ, "తర్వాత" గుంపు మరీ తక్కువ. చీటీలు వేస్తే ఇంత తేడా రాకూడదే అన్నాడు. అదృష్టం అలా ఉంటే ఏం చేస్తాం సార్ అన్నాను. అదృష్టం మీద అంత తొందరగా వెయ్యకు, వెళ్ళి నీ చీటీల సంగతి చూసుకో అని చెప్పాడు. చూసుకుంటానన్నాను, చూసుకోలేదు. అప్పటికే కౌన్సెలింగు మొదలైపోయింది, లాండ్రీ ఆవిడ మూడోవారానికే కళ్ళు తుడుచుకుని కబుర్లు చెబుతోంది, నాకు నా డిగ్రీ కళ్ళముందు ఆడుతోంది.

నాలుగోవారం రెండు గుంపుల్నీ మళ్ళీ పిలిచి ప్రశ్నపత్రం నింపించాలి. యాభై తొమ్మిది మంది వచ్చారు. దర్జీ రాలేదు. ఒకరు తగ్గితే తగ్గారులే, అరవైలో ఒకరు మానెయ్యడం మామూలే అన్నాను. జాబితాలో ఆయన నంబరు పక్కన అడ్డగీత పెట్టబోతుంటే చీటీలక్క నా పెన్ను పట్టుకుంది.

"ఆయనకి వచ్చింది 'ఇప్పుడు' అమ్మాయ్. 'తర్వాత' కాదు. నేనే మార్చాను."

తక్కిన పదీ కూడా అక్కడే నిలబడి చెప్పేసింది. ఉన్నదున్నట్టు, నంబర్లతో సహా. నేను ఏమేం అన్నానో అన్నీ రాయలేను. నా రెండేళ్ళ కష్టం బూడిదలో పోశావన్నాను, చదువురాని మొద్దువన్నాను, ఇంకా అన్నాను. వరండాలో తలుపులు తెరుచుకున్నాయి. ఆమె అంతా విని, అవన్నీ తర్వాత అను, ముందు ఆయన ఇల్లెక్కడో చూడు అంది. "తర్వాత" అని ఆమె ఒకదాన్ని వాయిదా వెయ్యగా నేను వినడం అదే మొదటిసారి.

దర్జీ కొట్టు ఒక సందులో ఉంది. కిందన కొట్టు, వెనకాల ఒక గది. కొట్టు షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి వెళితే ఆయన చెల్లెలు నేల మీద కూర్చుని జనం ఇచ్చిన గుడ్డలు వేరుచేస్తోంది, ఎవరివి వాళ్ళకి తిరిగి ఇచ్చెయ్యడానికి. కత్తెర పడని గుడ్డలు మోకాలెత్తు కుప్ప. అన్నయ్య అఘాయిత్యం చేసుకోబోయాడని, పొరుగువాళ్ళు సమయానికి చూశారని, ఆసుపత్రిలో ఉన్నాడని చెప్పింది. మూడు రోజులైందట. మీరెవరని అడిగింది. చీటీలక్కే చెప్పింది.

అప్పుడు ఆ చెల్లెలు మిషను పక్క గోడ చూపించింది. గుడ్డల మీద గుర్తులు పెట్టుకునే సుద్దతో ఎనిమిది గడులు గీసి ఉన్నాయి. మూడు గడుల్లో టిక్కులున్నాయి.

"ఎనిమిది వారాలేగా చెల్లెమ్మా, వెళ్ళిపోతాయిలే అనేవాడండీ" అంది ఆమె.

ఆసుపత్రిలో ఆయన మంచం వార్డులో చివరిది. మమ్మల్ని చూసి లేచి కూర్చోబోయాడు. చొక్కా గుండీలు పైదాకా పెట్టుకుని ఉన్నాడు. మొహాన అదే నవ్వు.

"పిలిచిన రోజున రాలేకపోయాను మేడమ్ గారూ. నా పేరు కొట్టెయ్యకండి. నా వంతు వచ్చేదాకా ఉంటాను."

చీటీలక్క నా వెనకాల నిలబడి ఉంది. బయటికి వచ్చాక చూస్తే తన చీరకొంగు తానే కొరుక్కుని చింపేసుకుంది. ఏడవలేదు. ఏడ్చేవాళ్ళకే బాధ ఉంటుందని అనుకుని పదకొండు మందిని మార్చిన మనిషి ఆ రోజు ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు.

పెద్దసారు ఆ సాయంత్రమే దర్జీని ప్రయోగంలోంచి తప్పించి డాక్టరుకీ కౌన్సెలరుకీ అప్పజెప్పాడు. ప్రమాదంలో ఉన్న మనిషికి వంతులేమిటి, అలాంటివాళ్ళని మొదటిరోజే పట్టుకోవాల్సింది నువ్వు, చీటీ కాదు అని నన్ను చెడామడా తిట్టాడు. "తర్వాత" గుంపులో మిగిలిన అందరికీ అదే వారం కౌన్సెలింగు ఇప్పించాడు. జరిగినదంతా రాసి కమిటీకి పెట్టాం. నా ప్రయోగం చెల్లదని కొట్టేశారు. లాండ్రీ ఆవిడ కోలుకున్న మాట నిజమే. కానీ నాలుగు నెలల దుఃఖం మీద, గుండెలు బాదుకునే రోజున కొలిస్తే, ఆ తర్వాత ఎప్పుడు కొలిచినా తక్కువే వస్తుంది. అది మా గొప్పా, రోజుల గొప్పా అన్నది తేలదు. నేను మొదటినుంచి మళ్ళీ మొదలుపెట్టాను. చీటీలక్కని సామాన్ల గదికి మార్చారు. దర్జీని వాళ్ళన్నయ్య తన ఊరికి తీసుకెళ్ళాడు. ఏడాది తర్వాత ఆయన చెల్లెలు కనబడి, కొన్నాళ్ళు కుడుతున్నాడు, కొన్నాళ్ళు కుట్టడం లేదు అంది. అంతకుమించి మాకేమీ తెలియదు.

ఆరు నెలలు నేను చీటీలక్కతో మాట్లాడలేదు. కోపమని పైకి అనుకునేదాన్ని. ఆ ఇరవై రెండు టిక్కులు చూసి సంతోషించింది నేనని ఆమెకి తెలుసేమోనని భయం. చివరికి ఒకరోజు పాత పెట్టెలేవో కావలసి సామాన్ల గదిలోకి వెళ్ళక తప్పలేదు. ఆమె నేల మీద కూర్చుని ఫొటో కాగితాల ప్యాకెట్లలో వచ్చే నల్లకాగితాన్ని ముక్కలు కోస్తోంది. నా కొత్త ప్రయోగానికి కవర్లలో పెట్టడానికట. నల్లకాగితం మడత మధ్య చీటీ పెడితే ఏ లైటుకి ఎత్తినా కనబడదట. ఎవరూ చెప్పకుండానే వంద కోసిపెట్టింది. నేను పక్కన కూలబడ్డాను. కాగితం కోస్తూనే అడిగింది.

"అమ్మాయ్, నేను మార్చకపోతే బాగుండేవాడా ఆయన?"

పరిశోధన పద్ధతులు చదువుకున్నదాన్ని కదా, సమాధానం తెలుసు. ఆ సమాధానం నోటికి తెచ్చుకోవడానికి ప్రాణం పోయినంత పనైంది. చెప్పలేం అక్కా అన్నాను. మాటలు మొదలుపెట్టి ఉంటే బాగుపడేవాడేమో, మొదలుపెట్టినా ఇంతే అయ్యేదేమో. "ఆయన ఇద్దరు లేరు కదా, ఒకణ్ణి ఇటూ ఒకణ్ణి అటూ పెట్టి చూడ్డానికి" అన్నాను. చీటీ వేసి ఉంటే కూడా ఆయనకి "తర్వాత" వచ్చి ఉండేదేమో అని ఓదార్పుగా ఏదో కలిపాను.

"రాలేదుగా. 'ఇప్పుడు' వచ్చింది. నేను చూశానుగా" అంది.

ఆ రోజే నా పాత కాగితాలు తెమ్మని, దర్జీ ప్రశ్నపత్రం ముందేసుకుని, చాలాసేపు చూసింది. నేను భయపడ్డట్టు ఒక్క మాట కూడా నన్ను అనలేదు. తలుపుకి అంటించిన రూలు అప్పుడు ఆమె చెబుతుంటే నేను రాసిందే. ఎదుటివాళ్ళు నిజం కాకుండా మర్యాదగా ఉండే జవాబు చెబుతారని, అన్నిటికీ మధ్యలో టిక్కు పెట్టి తప్పించుకుంటారని పుస్తకాల్లో పేజీలకి పేజీలు ఉంటుంది. మంచినీళ్ళిచ్చి మళ్ళీ అడగాలని చీటీలక్కకే తట్టింది. మళ్ళీ అడిగాక అనుమానమొస్తే ఆ మనిషిని చీటీల్లో కలపకుండా నేరుగా సాయానికి పంపాలని పెద్దసారు దాని కింద ఇంకో వాక్యం చేర్చాడు. ఏడాదికి ఆమెను మళ్ళీ గదికి తెచ్చారు. అప్పట్నుంచి ఏ ప్రయోగంలోనైనా ఎదురుచూసేవాళ్ళుంటే ప్రతి సోమవారం పొద్దున్నే ఫోను ముందు కూర్చుని ఒక్కొక్కరికీ చేసేది. అన్నం తిన్నారా, పడుకున్నారా, నిజం చెప్పండి అని. ఆ ఫోన్ల వల్ల పోలిక కొంచెం చెడుతుందని ఒకాయన అభ్యంతరం చెప్పాడు. చెడనీ అన్నాను. ఫోను చేసేవాళ్ళమని రిపోర్టులో రాస్తే సరిపోతుంది.

ఇరవై రెండేళ్ళు అలా చేసి రిటైరైంది. వెళ్ళేటప్పుడు స్టాప్‌వాచీ మెడలోనే ఉంది. వెనక్కి పిలిచి అడుగుదామా అని గుమాస్తా అంటే నోర్మూసుకోమన్నాను.

కిందటేడు వాళ్ళాయన పోయాడు. పొద్దున మోటారు విప్పుతూ విప్పుతూ పక్కకి ఒరిగిపోయాడట. నేను వెళ్ళి చూసి వచ్చాను. వచ్చినవాళ్ళకి కుర్చీలు వేస్తూ, కాఫీలు ఇస్తూ, మామూలుగా తిరుగుతోంది. నాలుగు నెలల తర్వాత ఒక పొద్దున మా వరండాలో బెంచీ మీద కనబడింది. నా విద్యార్థిని ఒకమ్మాయి అదే ప్రశ్న మీద కొత్త ప్రయోగం చేస్తోంది. బయట అంటించిన ప్రకటన చూసి వచ్చానంది. దువ్విన తల, ఉతికిన చీర. మెడలో స్టాప్‌వాచీ లేదు. కుశలం అడిగితే, నాకేంటి, బానే ఉన్నా అంది.

ఆ అమ్మాయి సెలవు. ఆ పూట బల్ల దగ్గర నేనే ఉన్నాను. ప్రశ్నపత్రం ఇచ్చి లోపల కూర్చోబెట్టి, ఆమె వంతు కవరు తీసుకుని వరండాలోకి వచ్చాను. ఎందుకు తీసుకొచ్చానో నన్ను అడగకండి. ముప్పై ఏళ్ళుగా యాదృచ్ఛిక కేటాయింపు అని బోర్డు మీద రాసి కింద రెండు గీతలు గీసేదాన్ని. ఆ కవరు ఎండకి ఎత్తిపట్టాను. "తర్వాత" అని ఉంటే ఏం చెయ్యాలో కూడా అప్పటికే నిర్ణయించేసుకున్నాను. ఏమీ కనబడలేదు. లోపల నల్లకాగితం. ఆమె నేర్పిన మడతే. కవరు దించి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, సిగ్గుతో లోపలికి వచ్చాను.

ఆమె కాగితం నింపడం అయిపోయింది. బల్ల మీదికి తోసింది. ఇరవై రెండు ప్రశ్నలు. ఇరవై రెండు టిక్కులూ "కొద్దిగా"లో, పైనుంచి కిందికి, స్కేలు పెట్టి గీసినట్టు.

తలెత్తి చూశాను. ఆమె నన్ను చూడడం లేదు. నా వెనక తలుపుకున్న కాగితం వంక చూస్తోంది. ఆ రూలు చెప్పి రాయించిన మనిషి. తెలిసే అలా పెట్టిందా, అడగమని అడగలేక అలా అడిగిందా, లేకపోతే ఆ దర్జీకి పోయినట్టే ఆమెకీ చెయ్యి అలా పోయిందా? నాకు తెలియదు. పోల్చి చూసుకోవడానికి నాకు ఇద్దరు చీటీలక్కలు లేరు. ఉన్నది ఈవిడొక్కతే.

కవరు చింపకుండా సొరుగులో పడేశాను. పక్కగది తలుపు తీసి, ఆమెను కూర్చోబెట్టి, కూజాలోంచి నీళ్ళు వంపాను. ఎదురుగా కూర్చుని ఆమె మొహంలోకే చూస్తున్నాను. ఆమె గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది, తాగలేదు.

"అలా చూస్తావేం అమ్మాయ్," అంది. "మళ్ళీ అడుగు."